శాలువా కప్పాం, అయినా ఆయన మళ్లీ రాలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్కౌట్స్, గైడ్స్ వాళ్లవే. అదీ పిల్లల గురించి కాదు, పిల్లల్ని నడిపించే పెద్దవాళ్ల గురించి. పైసా జీతం లేకుండా శనివారం సాయంత్రాలు, ఆదివారాలు గ్రౌండులో గడిపే స్కౌట్ మాస్టర్లు, గైడ్ కెప్టెన్లు, కబ్ మాస్టర్లు. నేనూ మెడలో స్కార్ఫ్ వేసుకుని ఇరవై ఆరేళ్లు తిరిగినవాణ్ణే కాబట్టి కొన్నిచోట్ల కాస్త చనువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. స్థానిక సంఘం కార్యదర్శి బాధ్యత నా మీద పడి మూడేళ్లయింది. నిరుడు మే నెలలో పదకొండు మంది టీచర్లని, స్కౌట్స్, గైడ్స్‌ని నడపడం నేర్పే బేసిక్ కోర్సుకి పంపాం. ఏడు రోజులు, రానూపోనూ చార్జీలు మేమే పెట్టుకున్నాం. ఇవాళ బడిలో యూనిట్ (పిల్లల దళం) నడుపుతున్నది నలుగురే. పట్టించుకోకుండా వదిలేశామా అంటే అదీ కాదు. నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వ్యవస్థాపక దినం నాడు అందరికీ శాలువాలు కప్పి, మెమెంటోలిచ్చి, ఎమ్మెల్యే గారి చేత నాలుగు మంచి మాటలు చెప్పించాం. అలా శాలువా కప్పించుకున్న ఒకాయన ఆ తర్వాతి నెల నుంచి ఫోన్ కూడా ఎత్తడం లేదు. ఇంకేం చేయాలి మేము?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో చార్జీల లెక్క ఉంది, శాలువాలున్నాయి, ఎమ్మెల్యే గారున్నారు. మే నెలకీ నవంబరుకీ మధ్య ఉన్న ఆరు నెలలు మాత్రం లేవు. ఆ ఆరు నెలల్లో ఆ ఫోన్ ఎత్తని మనిషి గ్రౌండుకి మీలో ఎవరైనా ఒక్కసారి వెళ్లారా?

తప్పు పట్టడానికి అడగడం లేదు, నా సంగతి గుర్తొచ్చి అడుగుతున్నాను. నేను బేసిక్ కోర్సు చేసొచ్చిన ఏడాది మా బడిలో ముప్పై రెండు మంది పిల్లల్ని అప్పజెప్పారు. క్యాంపులో నేను మొనగాణ్ణి. క్లోవ్ హిచ్, బోలైన్, షీప్ షాంక్ లాంటి తాడు ముడులు కళ్లు మూసుకుని వేసేవాణ్ణి. తీరా మొదటి శనివారం గ్రౌండులో నిలబడితే ఎదురుగా ఉన్నది తోటి టీచర్లు కాదు, ఎప్పుడు ఇంటికి పంపిస్తారా అని చూస్తున్న ఏడో తరగతి వాళ్లు. చేతిలో ఉన్నది ఒకే తాడు. ఒకడు ముడి వేస్తుంటే ముప్పై ఒక్క మంది నోరు మూసుకుని చూడాలి, చూస్తారా? పది నిమిషాలకల్లా వెనక వరుసలో కబడ్డీ మొదలైంది. మూడు వారాలు అలాగే అరుచుకుంటూ గడిపి, నాలుగో వారం తలనొప్పి అని చెప్పి నేనే వెళ్లలేదు. నిజానికి నాకు తలనొప్పి లేదు, సిగ్గుగా ఉంది.

ఐదో వారం మాలాంటివాళ్లకి శిక్షణ ఇచ్చే లీడర్ ట్రైనర్ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, బస్సు దిగి కిలోమీటరున్నర నడిచి, కబురైనా లేకుండా వచ్చేశారు. వేపచెట్టు కింద కూర్చుని నలభై నిమిషాలు ఒక్క మాట మాట్లాడకుండా చూశారు. పిల్లలు వెళ్లిపోయాక సంచీలోంచి పకోడీ పొట్లం తీసి ఇద్దరి మధ్యా పెట్టి, "నువ్వు ముప్పై రెండు మందికి చెబుతున్నావు నాయనా, నలుగురికి చెప్పు చాలు, వాళ్లు మిగతావాళ్లకి చెబుతారు" అన్నారు. అంతే. అదేమన్నా నాకు తెలియని విషయమా? పెట్రోల్ పద్ధతి, అంటే పిల్లల్ని చిన్న జట్లుగా చేసి ఒక్కో జట్టుకి వాళ్లలోంచే నాయకుణ్ణి పెట్టడం గురించి కోర్సులో ఒక పూటంతా చెప్పారు, నా నోట్సులో ఎర్ర సిరాతో గీత కూడా ఉంది. 1907లో బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగు వ్యవస్థాపకుడు బేడెన్ పవెల్ పెట్టిన మొట్టమొదటి క్యాంపులో కూడా పిల్లల్ని నాలుగు పెట్రోళ్లుగా చేసే నడిపారని అడిగితే పొల్లు పోకుండా చెప్పేవాణ్ణి. చదివిన ముక్క మన గ్రౌండులో, మన పిల్లల దగ్గర, అది అవసరమైన రోజు గుర్తు రావాలి కదా, అప్పుడు పక్కన మనిషి ఉండాలి. మర్నాడు కొట్టుకెళ్లి తాడు కొని ఎనిమిది ముక్కలు కోశాను. ఆయన ఆ శనివారం రాకపోయుంటే మీ పదకొండులో పోయిన ఏడుగురికి నేను ఎనిమిదోవాణ్ణి.

ఇంకో సంగతి. స్కౌట్ మాస్టర్లకిచ్చే పై శిక్షణ, మనం పూసలు, పూసలు అని చెప్పుకునే వుడ్ బ్యాడ్జ్ కోర్సు మొదలైంది 1919 సెప్టెంబరులో, లండన్ శివార్లలో గిల్వెల్ పార్కులో. జులు నాయకుడు దినుజులు హారంలోవని చెప్పే చెక్కపూసల్ని అప్పట్లో కోర్సు చేసినవాళ్లకి ఇచ్చారు (ఆ హారం బేడెన్ పవెల్ చేతికి ఎలా వచ్చిందన్న దాని మీద పెద్ద వాదనే ఉంది, ఇప్పుడొద్దు). ఆ శిక్షణ చాలా కాలం మూడు భాగాలుగా ఉండేది. ఒకటి రాతపని, రెండోది క్యాంపు, మూడోది ఇంటికెళ్లి సొంత యూనిట్‌ని నెలల తరబడి నడిపి చూపించడం. మూడోది బాగుందని పెద్దవాళ్లు చెప్పాకే పూసలు. మనం హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అనుకునేది దాని సంతతే. అయితే మన జిల్లాల్లో జనం మనసులో మిగిలింది మాత్రం ఆ మధ్య భాగం ఒక్కటే, ఏడు రోజుల క్యాంపు, సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. అక్కడితో శిక్షణ అయిపోయిందనుకుంటున్నాం.

కాబట్టి ఈ వేసవిలో ఇంకో పదకొండు మందిని పంపకండి. ఆ డబ్బుతో ఉన్న నలుగురి దగ్గరికి మీరే వెళ్లండి. ముందు పోయినవాళ్ల దగ్గరికి పరిగెత్తొద్దు, ఉన్నవాళ్లు అది చూసి చిన్నబుచ్చుకుంటారు. మీటింగు జరిగే రోజునే వెళ్లండి, రిజిస్టరు పట్టుకుని కాదు, ఒక తాడు కట్టో పాత ఫుట్‌బాలో పట్టుకుని. వెళ్లినవాడు పిల్లల ముందు ఆ టీచర్ని సరిదిద్దకూడదు, అది మాత్రం గట్టిగా చెబుతున్నాను. చూసి, పిల్లలు వెళ్లాక, ఒకే ఒక్క విషయం చెప్పి రావాలి. పది తప్పులు కనిపిస్తాయి, తొమ్మిది దాచుకోండి. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గరికైతే మొదటి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లినా ఎక్కువ కాదు. ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేస్తారు, చేసినప్పుడు ఎత్తాలి, అది మీ వంతు.

ఫోన్ ఎత్తని ఆయనకి ఫోన్ చేయకండి. ఇంటికెళ్లండి. "ఎందుకు రావడం లేదండీ" అనొద్దు, "గ్రౌండులో ఎక్కడ కష్టమైంది మాస్టారూ" అనడగండి. తిరిగి వస్తే సంతోషం, రాకపోయినా ఆ కష్టమేంటో మీకు తెలుస్తుంది, తర్వాతివాళ్లకి పనికొస్తుంది. ఇక శాలువాలంటారా, నా బీరువాలో పదహారున్నాయి. రెండు మా మేనల్లుడి పెళ్లిలో చేతులు మారి మళ్లీ నా దగ్గరికే వచ్చాయి.

ప్రశ్న: నమస్తే సార్. ఉన్నత పాఠశాలలో సైన్స్ చెబుతాను. గైడ్స్ కూడా చూడమ్మా అని హెడ్మాస్టర్ గారంటే, సరేనన్నాను. ఇరవై నాలుగు మంది పిల్లలు, బాగా చేస్తున్నారు, మూడో మెట్టు అయిన తృతీయ సోపాన్ పరీక్షకి తయారవుతున్నారు. కానీ ఫస్ట్ ఎయిడ్ పెట్టె, తాళ్లు, ర్యాలీకి ఆటోలు అన్నీ నా జేబులోంచే. ఇప్పుడు హిమాలయ వుడ్ బ్యాడ్జ్ కోర్సుకి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ వెళ్లమంటున్నారు. మా బాబుకి మూడేళ్లు. వెళ్లనంటే బాధ్యత లేదంటారు, వెళ్తానంటే ఇంట్లో గొడవ. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఈ ఏడాది వెళ్లకండమ్మా. పచ్‌మఢీ కొండలు ఎక్కడికీ పోవు, బాబు మూడేళ్లవాడిగా మళ్లీ దొరకడు. "ఈసారి కుదరదు, వచ్చే ఏడాది తేదీలు మూడు నెలల ముందు చెబితే ఏర్పాటు చేసుకుంటాను" అని రెండు వాక్యాల్లో రాసివ్వండి. కారణాలు పేజీలు పేజీలు రాయకండి, ఎంత వివరంగా రాస్తే అంత బతిమాలతారు.

అసలు చిక్కు కోర్సు కాదు, మీరు "సరే" అన్న రోజు దగ్గరుంది. పెళ్లి కుదిరితే తాంబూలాలు పుచ్చుకునేటప్పుడే ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ మాట్లాడుకుంటాం కదా, బడిలో అదనపు పని ఒప్పుకునేటప్పుడు మాత్రం మొహమాటానికి పోయి తలూపేస్తాం. ప్రపంచ స్కౌట్ సంస్థ పెద్దవాళ్ల విషయంలో పెట్టుకున్న విధానంలో ఇదొక ముఖ్యమైన మెట్టు, బాధ్యత ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ముందే కూర్చుని ఎన్నాళ్లు, ఏ పని, ఎవరు తోడు, ఖర్చు ఎవరిది అని ఒప్పుకోవాలని. మీకు ఆ మాటలు జరగలేదు, పోనీ ఇప్పుడు జరగనివ్వండి. సాయంత్రం బడి వదిలాక హెడ్మాస్టర్ గారిని ఇరవై నిమిషాలు టైమ్ అడిగి ఈ మూడూ తేల్చుకోండి. ఒకటి, ఇప్పటిదాకా మీరు పెట్టిన ఖర్చు తేదీలతో సహా కాగితం మీద రాసివ్వండి, డబ్బు తిరిగి రాకపోయినా ఇకముందు ఖర్చుకి దారి అడగండి. రెండు, మీతోపాటు ఇంకో టీచర్ కావాలి, వారానికి ఒక్క గంటే అయినా సరే. మూడు, ర్యాలీలకి, కోర్సులకి ఆన్ డ్యూటీ కాగితం ముందే చేతికి రావాలి, వెళ్లొచ్చాక తిరిగి తెచ్చుకునేది కాదు. మూడూ కాదంటే పరీక్ష అయ్యేదాకా నడిపి, పిల్లలకి చెప్పి, మర్యాదగా తప్పుకోండి. అది పిల్లల్ని వదిలేయడం కాదు.

ఒక్క మాట ఆ బడి పెద్దలకి కూడా, వాళ్లూ ఇది చదువుతారేమో. "మేడమ్ ఎలాగూ చేస్తారులే" అనే మాట మెచ్చుకోలు కాదండీ.

ప్రశ్న: మా గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్ల సర్వీసు, మమ్మల్నందర్నీ తయారుచేసింది ఆయనే. ఇప్పుడు గ్రౌండులో పరిగెత్తలేరు, కొత్తవాళ్లని చేయనివ్వరు, ఫోన్‌లో మ్యాప్ చూపిస్తే "దిక్సూచి పట్టుకోవడం రానివాడు స్కౌటేమిట్రా" అంటారు. ఆయన్ని ఎలా తప్పించాలి?

జవాబు: తప్పించొద్దు, మార్చండి. దిక్సూచి విషయంలో నేను ఆయన పక్షమే, అది పక్కన పెడదాం. ఆయనకి పోతుందని భయంగా ఉన్నది పదవి కాదు, శనివారం సాయంత్రం. ఆ సాయంత్రం ఎక్కడికెళ్లాలో తెలియకపోవడం. కొత్తవాళ్ల యూనిట్లకి వెళ్లి చూసొచ్చే పని ఆయనకివ్వండి, పైన కార్యదర్శి గారికి చెప్పిన పకోడీ పొట్లం పని. మీ గ్రూపు పాత లాగ్ బుక్కులు, ఫొటోలు ఏ అటక మీద చెదలు పడుతున్నాయో, వాటిని ఒక చోట చేర్చే పని కూడా. అడిగేటప్పుడు అందరూ కట్టగట్టుకుని వెళ్లకండి. ఆయనకి బాగా ఇష్టమైన శిష్యుడు ఒక్కడే వెళ్లి అడగాలి. గ్రౌండు పని నుంచి తప్పుకున్న తేదీ మాత్రం స్పష్టంగా ఉండాలి, "మీరూ ఉండండి, వాళ్లూ చేస్తారు" అని నాన్చితే ఇద్దరికీ నరకం.

ప్రశ్న: మా ఊళ్లో ఒకాయన స్కౌట్స్ క్యాంపుకి డబ్బిస్తానని, తనూ వాలంటీరుగా వచ్చి పిల్లలతో రాత్రిళ్లు క్యాంపులో ఉంటానని అంటున్నారు. బాగా పేరున్న మనిషి. వివరాలు అడిగితే అవమానిస్తున్నట్టు ఉంటుందని మా కమిటీవాళ్లు వెనకాడుతున్నారు.

జవాబు: అడగండి. ఆయన్నొక్కణ్ణే కాదు, అందర్నీ అడగండి, అప్పుడు ఎవరికీ అవమానం ఉండదు. అధ్యక్షుడి దగ్గర మొదలుపెట్టి వంటాయన దాకా ఒకే ఫారం, ఒకే ప్రశ్నలు. ఇంతకుముందు ఎక్కడ పిల్లలతో పనిచేశారు, అక్కడ ఎవరిని అడగొచ్చు, అని. అడిగి ఊరుకోవడం కాదు, ఫోన్ చేసి కనుక్కోవాలి. డబ్బిచ్చినంత మాత్రాన గుడారంలో చోటు వచ్చినట్టు కాదు. విరాళానికి రసీదు ఇవ్వండి, క్యాంపులో ఉండే సంగతి వేరేగా తేల్చండి.

క్యాంపులో ఏ పెద్దమనిషీ ఏ పిల్లవాడితోనూ నలుగురి కంటికి కనపడని చోట ఒంటరిగా ఉండకూడదు, స్కౌట్ మాస్టర్ అయినా సరే. పడక వేర్వేరు. ఆడపిల్లలుంటే గైడర్లు (గైడ్స్‌ని నడిపే ఆడవాళ్లు) ఉండి తీరాలి. ఇక చట్టం మాట. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికైతే ఏడాది దాకా. "సంఘం పరువు పోతుంది, లోపల్లోపల చూసుకుందాం" అనే పెద్దమనుషులకి ఈ రెండు సెక్షన్లూ చదివి వినిపించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అంకెలు పెద్ద అక్షరాలతో రాసి వంటపాక దగ్గర, నీళ్ల కుళాయి దగ్గర కట్టండి, ఆఫీసు గోడకి కాదు. పిల్లలు నిలబడేది అక్కడ. ఈ విషయం మీద కొత్త వాలంటీర్లకి ఒక పూట చెప్పకుండా గ్రౌండులోకి పంపకండి. ముడులు తర్వాత నేర్చుకోవచ్చు.

ప్రశ్న: అంకుల్, మేము డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి కబ్ స్కౌట్స్‌లో చేరాడు. పిల్లాణ్ణి దింపి వచ్చేద్దామనుకుంటే నన్నే డెన్ లీడర్‌గా, అంటే ఆ చిన్న జట్టుని నడిపేవాడిగా ఉండమంటున్నారు. నాకు టెంట్ వేయడం కూడా రాదు. ఇక్కడ ఇదంతే ఉంటుందా?

జవాబు: అంతేనయ్యా. అక్కడ కబ్ స్కౌటింగు నడిచేదే అమ్మానాన్నల మీద, మన దగ్గరలాగా డ్రిల్లు మాస్టారి మీద కాదు. నువ్వు చిన్నప్పుడు విన్న బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికాయే 2025 ఫిబ్రవరి నుంచి స్కౌటింగ్ అమెరికా అని పేరు మార్చుకుంది, అమ్మాయిలూ ఉన్నారు. పిల్లల రక్షణ మీద ఆన్‌లైన్ శిక్షణ చేయాలి, నీ పూర్వాపరాలు కూడా విచారిస్తారు, దానికి నొచ్చుకోవద్దు, పైన చెప్పిందే. ఏ కార్యక్రమంలోనైనా 21 ఏళ్లు నిండిన, నమోదైన పెద్దవాళ్లు కనీసం ఇద్దరుండాలన్న నియమం ఉంది కాబట్టి నువ్వు ఒంటరివి కూడా కావు. టెంట్ సంగతి నీ కొడుకు ముందే నేర్చుకో. నాన్నకి రాకపోవడం, నేర్చుకోవడం రెండూ వాడు చూస్తే మంచిదే. రెండేళ్లకి మించి మాత్రం ఒప్పుకోకు, పక్కింటి గుజరాతీ ఆయన్ని ఇప్పటినుంచే కాస్త మచ్చిక చేసుకుంటూ ఉండు.

ప్రశ్న: డిసెంబరు 5 వాలంటీర్ల దినోత్సవానికి మా గ్రూపులో పద్నాలుగు మంది పెద్దవాళ్లకి ఏమిస్తే బాగుంటుంది? మనిషికి రెండొందలకి మించి లేదు.

జవాబు: రెండొందలు ఎక్కువే. ఉత్తరం రాయండి, చేత్తో. "మీ సేవలు అమూల్యమైనవి" అని పద్నాలుగు మందికీ ఒకటే జిరాక్సు తీస్తే మాత్రం వద్దు, దానికంటే ఆ డబ్బు పెట్టి బిర్యానీ తినడం నయం. ఎవరు ఏం చేశారో అదే రాయాలి. "ఆగస్టు క్యాంపులో రాత్రి వాన పడి గుడారంలోకి నీళ్లొస్తే మీరు రెండింటి దాకా పార పట్టుకుని కాలవ తీశారు, పిల్లలు పొడి దుప్పట్లలో పడుకున్నారు" అని రాస్తే ఆ కాగితం దాచుకుంటారు. అది రాయాలంటే మీరు అది చూసి ఉండాలి, అక్కడుంది కష్టమంతా. ఒక ప్రతి వాళ్ల ఇంటికి, ఇంట్లోవాళ్ల పేరున పంపండి. ఆదివారాలు పోయింది వాళ్లవి కూడా. టీచర్లయితే ఇంకో ప్రతి బడికి. పిల్లల చేత ఇప్పిస్తే మరీ మంచిది, క్యాంప్ ఫైర్ దగ్గర వాళ్లు కొట్టే చప్పట్లకి సాటి వచ్చే మెమెంటో నేనింతవరకు చూడలేదు.

పెద్ద అవార్డులు వేరు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పెద్దవాళ్లకి లాంగ్ సర్వీస్ గుర్తింపు, మెడల్ ఆఫ్ మెరిట్ దగ్గర్నుంచి అన్నిటికంటే పైన సిల్వర్ ఎలిఫెంట్ దాకా ఉన్నాయి. వాటికి ఎవరో ఒకరు పేరు పంపాలి, పంపాలంటే ఎప్పుడు చేరారు, ఏ కోర్సు ఏ తేదీన చేశారు, ఏ క్యాంపుల్లో ఉన్నారు అన్న వివరాలు కావాలి. ఇవి ఏ గ్రూపులోనూ సరిగా ఉండవు. ముప్పై ఏళ్లు చేసిన ఒక గైడ్ కెప్టెన్ గారి అర్జీ కోసం మేము నలుగురం రెండు ఆదివారాలు పాత ఫొటోల వెనక తేదీలు వెతికాం, ఆవిడ పక్కనే కూర్చుని మాకు మజ్జిగ పోస్తూ "పోనీలే నాయనా, ఎందుకివన్నీ" అంటూనే ఉన్నారు. మనిషికి నాలుగు పేజీల చొప్పున ఒక లాంగ్ సైజు రిజిస్టరు పెట్టండి. ఈ పద్నాలుగు మందినీ పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు చేరిన ఏడాది దగ్గర్నుంచి డిసెంబరు 5నే రాయడం మొదలుపెట్టండి.